ఇష్టమాపకం

విజయనగరంలో 2079 నాటికి ఏడో తరగతి డ్రాయింగు పీరియడులో ఎవరూ ఎవరినీ "ఏం వేస్తావు?" అని అడగడం లేదు. నుదుటికి సన్నటి పట్టీ కట్టుకుని కూర్చుంటే చాలు. ఆ గదికి ఎంపిక గది అని పేరు. ఎదురుగా తొమ్మిది బీరువాలు. ఒకదాంట్లో రంగులు, ఒకదాంట్లో చేతిమగ్గం, ఇంకోదాంట్లో వెదురు బద్దలు. ఎవరి మనసు దేని మీదుంటే ఆ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. సగం పాఠం బల్ల మీది తెర చెబుతుంది. మిగతా సగం చేత్తో చేసుకోవాలి. అక్కడ చెయ్యి పట్టుకుని దిద్దడానికే టీచరు. ఆవిడ నుదుటికీ ఒక పట్టీ ఉంటుంది.

ఆ పట్టీ పేరు ఇష్టమాపకం. శాస్త్రవేత్తలు డిజైర్ మీటర్ అంటారు. కోరిక నోటిదాకా రాకముందే మెదడులో చిన్న విద్యుత్ అలగా పుడుతుంది. నోటికి సిగ్గూ భయమూ ఉంటాయి గానీ ఆ అలకు ఉండవు. ఇద్దరు స్నేహితులు కలిసి ఏదైనా చేద్దామనుకున్నారనుకోండి, పట్టీ రెండోవాళ్ల అలను కూడా చదివి వస్తుంది. అంత బుద్ధిమంతురాలు. ఎక్కడా ఏమీ దొరక్కపోతే మాత్రం మొదటి బీరువా తెరిచి ఊరుకుంటుంది.

మొదటి బీరువాలో బంకమట్టి ఉంది. త్రివేణి టీచరు తరగతిలో ఆరు వారాలుగా ముప్పై ఒక్కమంది పిల్లలకీ అదే తెరుచుకుంటోంది.

త్రివేణి టీచరుకి ఇది వింతగా కూడా తోచలేదు. భర్త పోయి పది నెలలైంది. ఏడుపు రాలేదు. కూరలో ఉప్పు మరిచిపోయిన రోజు కూడా తిని, చెయ్యి కడుక్కుని లేచింది. పిల్లలు మట్టి ఉండలు చేసి ఇస్తుంటే తీసుకుని అరలో వరసగా పెట్టేది. బాగున్నాయని ఆవిడ అన్లేదు, బాగాలేవనీ అన్లేదు.

చివరికి అమరావతి నుంచి డాక్టర్ సుధాంశు దిగాడు. పట్టీని కనిపెట్టిన బృందానికి పెద్ద ఆయనే. పీరియడు జరుగుతుండగా పిల్లల అలలన్నీ తన తెర మీద చూసుకున్నాడు. గంట కొట్టి వాళ్లు వెళ్లాక టీచరును కూర్చోమన్నాడు.

"యంత్రంలో లోపం లేదమ్మా. ముప్పై ఒక్కమందిలోనూ ఒకటే అల. అదేమిటో తెలుసా? టీచరు గారి ఇష్టం."

"మా పిల్లలంతేనండి. ఏటి కావాలని అడిగితే మీ ఇష్టం అనేస్తారు. పెద్దోళ్ల దగ్గర అలాగే అనాలని ఇంట్లో నేర్పుతారు కదండీ."

"నోటితో అంటే సరే. వీళ్లు లోపల కూడా అదే అంటున్నారు! అందుకని పట్టీ మీ అలను వెతుక్కుంటూ వచ్చింది. మీ దగ్గరేమో..." ఆయన ఇబ్బందిగా ఆగిపోయాడు.

"ఏటీ నేదు," అంది త్రివేణి, సుద్దముక్కలు అయిపోయాయని చెప్పినట్టు.

ఎంపిక కనబడని ఎంపిక గదిని మూసెయ్యాలని నిబంధన. టీచరు ఉంచమంటే ఒక్క ఏడాది గడువిచ్చే అధికారం సుధాంశుకి ఉంది. ఆ సంగతి చెప్పి ఆయన ఫారం తీశాడు.

ఇంతలో ధాత్రి అనే పిల్ల నీళ్లోడుతున్న గుడ్డతో లోపలికి వచ్చింది.

"టీచర్, ఉండల మీద గుడ్డ కప్పీమంటారా? నేపోతే రేపటికి బీటలిచ్చేస్తాయి."

రేపు. ఆ గుడ్డ తీసి చూసేవాళ్లు రేపు ఉండరని త్రివేణికి అప్పుడు తెలిసింది. అరలో ఉన్న వందలకొద్దీ ఉండల వైపు చూసింది. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క వేలి ముద్ర. తన మొహం చూస్తూ, తనకేం కావాలో తెలియక, పిల్లలు ఆరు వారాలు మట్టి పిసికారు. గుండెలో కలుక్కుమంది. పది నెలల తర్వాత ఏదో నొప్పి పెట్టింది.

సుధాంశు చేతిలో తెర కీచుమంది. టీచరు పట్టీ నుంచి వచ్చిన అల అది. పెద్ద అక్షరాల్లో, "ఈ గది ఉండాలి."

"అబ్బ, చూశారా!" ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇంత స్పష్టమైన కోరిక ఈ జిల్లాలో నేను చూడలేదు. పట్టీ దివ్యంగా పనిచేస్తోంది!" తెరను ఆవిడకు చూపించాడు. ధాత్రికీ చూపించాడు. ఫొటో కూడా తీసుకున్నాడు. తర్వాత కూర్చుని కలం తీశాడు.

"ఇక లాంఛనం ఒకటి. ఫారంలో నోటి మాటే రాయాలి. చెప్పండమ్మా, గది ఉంచమంటారా, మూసెయ్యమంటారా?"

త్రివేణి నోరు తెరిచింది. కావాలి. ఈ గది కావాలి. అంత గట్టిగా ఏదైనా కోరుకుని ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. కానీ ఎదురుగా అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి కలం పట్టుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్లు అడిగితే టీచరు ఏమంటుందోనని పక్కన పిల్ల నోరప్పగించి చూస్తోంది.

"మీ ఇష్టమండీ," అంది త్రివేణి.

సుధాంశు తెర వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆయన ఇష్టం రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు. ఆయన నుదుట పట్టీ కూడా లేదు. "గది మూసివేతపై టీచరుకు అభ్యంతరం లేదు" అని రాశాడు. దాని కింద "యంత్రం సక్రమంగా పనిచేస్తోంది" అని చేర్చి సంతకం పెట్టాడు.