గెలిస్తే మళ్లీ రాను

"జర లే భయ్యా, ఓడినవ్ కదా!"

సుజన నాతో అన్న మొదటి మాట ఇదే. దిల్‌సుఖ్‌నగర్‌లో లింగస్వామి అన్న గేమింగ్ షాపులో రూల్ ఒక్కటే. గెలిచినవాళ్లు కుర్చీలో ఉంటారు, ఓడినవాళ్లు లేవాలి. ఆ రోజు ఫుట్‌బాల్ గేమ్‌లో ఆ అమ్మాయి నాకు వరసగా నాలుగు గోల్స్ కొట్టింది. షాపంతా ఒకటే నవ్వు. ఓడినదానికంటే ఆ 'భయ్యా'కే నాకు ఒళ్లు మండింది.

"నా పేరు యోగేందర్. నిన్ను ఓడగొట్టిన రోజే నేను గీ షాపుకు వచ్చుడు బంద్ చేస్త, రాసిపెట్టుకో!" అన్నాను.

"అయితే జిందగీ అంత రావాల్సిందే," అంది కళ్లెగరేసి.

అంతే, అక్కడే పడిపోయాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం బాటసింగారం పండ్ల మార్కెట్‌లో డ్యూటీ దిగి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి వచ్చేవాణ్ని. "ఇయ్యాల బత్తాయి లోడా?" అని చొక్కా వాసన పట్టి ఏడిపించేది. ఆట మొదలైతే మాత్రం జాలి చూపేది కాదు. ఒక్కసారి గెలిచి మనసులో మాట చెప్పాలని నా పంతం. ఓడి లేచి నిలబడ్డవాడు ప్రేమ గురించి ఏం మాట్లాడతాడు చెప్పండి?

నిలబడీ నిలబడీ ఒకటి కనిపెట్టాను. సుజన ఎప్పుడూ కుడివైపు నుంచే ఉరికి బంతిని మధ్యలోకి వేస్తుంది. అందరం పిచ్చోళ్లలా ఆమె మీదికే పరుగెత్తి మధ్యలో ఖాళీ వదిలేస్తాం. పైగా నేను ఆటగాణ్ని ఉరికించే స్ప్రింట్ బటన్ మీద నుంచి వేలు తీయను.

ఈ ఆదివారం బయట వాన. నేను వేలు తీసేశాను. నా ఆటగాణ్ని మధ్యలోంచి కదలనివ్వలేదు.

"ఏంది, ఇయ్యాల ఉరుకుతలేవు?"

"నిమ్మళంగా ఆడుతున్న."

"నువ్వా? నిమ్మళంగానా?"

చివరి నిమిషాల్లో ఆమె బంతిని మధ్యలోకి వేసింది. నావాడు అక్కడే ఉన్నాడు. మూడు చిన్న పాస్‌లు, గోల్! ఎగిరి గంతేశాను. ఆట అక్కడితో అయిపోయింది, నేను గెలిచాను. పక్కకు చూస్తే సుజన లేదు. బ్యాగు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

షాపు మెట్ల మీద దొరికింది.

"ఒక్కసారి ఓడితే గింత కోపమా సుజనా?"

"గెలిచినవ్ కదా. ఇగ రావు." కళ్లు తడిగా ఉన్నాయి. అది వాన మాత్రం కాదు.

"ఎవరన్నరు?"

"నువ్వే! మొదటిరోజు అన్లే? అందుకే ఇంట్ల కూసొని ప్రాక్టీస్ చేసి మరీ నిన్ను ఓడగొడుతున్న. నాకేమన్న గోల్స్ పిచ్చా?"

కోపంలో అన్న ఆ మాట నేనెప్పుడో మర్చిపోయాను.

"అయ్యో పిచ్చిదానా! గెలిచినంక నీకు చెప్దామని ఆగిన."

"ఏం చెప్దామని?"

"నువ్వంటే నాకు పానం అని."

సుజన గట్టిగా ఊపిరి వదిలింది. "గిది చెప్పనీకి మ్యాచ్ గెల్వాల్నా? ఓడినప్పుడు చెప్తే నేను వద్దంటనా?"

నెత్తిమీద మోస్తున్న బత్తాయి బస్తా ఎవరో దించినట్టయింది. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

లోపల్నుంచి లింగస్వామి అన్న అరిచాడు. "గెలిచినోడు ఎటువోయిండు? కుర్చీ ఇంకోళ్లకు ఇయ్యాల్నా?"

"ఆగన్నా, ఇంకో మ్యాచ్ ఉంది!" అని సుజన నాకంటే ముందే ఉరికింది.

ఆ మ్యాచ్‌లో మళ్లీ నాలుగు గోల్స్ తిన్నాను. అలవాటు కొద్దీ లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టి లాగింది.

"యాడికి? కూసో."