రెండు గంటలకొకసారి

"నా టవల్ యాడుండాది?" అని పవన్ కుమార్ బాత్రూంలోంచి మూడోసారి అరిచాడు.

"అవ్వ కాళ్ల కింద ఉండాది," అని ఒక కొత్త గొంతు జవాబిచ్చింది.

పవన్ పాత పంచెతో తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మంచం మీద వెంకటక్క అవ్వ పడుకుని ఉంది. నెల కిందట పెరట్లో జారిపడి తుంటి విరిగాక ఆమె లోకం ఆ మంచమే. పక్కన నిలబడిన అమ్మాయి పేరు శైలజ. పెనుకొండ పిల్ల. హిందూపురంలో ఒక ఆస్పత్రిలో నాలుగేళ్లు ఆయాగా చేసింది. అవ్వను చూసుకోవడానికి ఆ ఆదివారమే పనిలో చేరింది.

నీలం చారల టవల్ గుండ్రంగా చుట్టి అవ్వ పిక్కల కింద పెట్టి ఉంది.

"అది బెంగుళూరులో కొన్న టవల్," అన్నాడు పవన్.

"తెలుస్తాండాది. మందంగా ఉండాది. అందుకే తీసుకున్నా."

"ఇంట్లో పాత చీరలే లేవా?"

"పాత చీర అణిగిపోతాది. మడమ పరుపుకు తగిలితే పుండు పడతాది. మీ మొహం తుడుచుకునేకి పాత చీర చాలు కదా?"

"బాగా చెప్పినావు," అంది అవ్వ. పడిపోయిన తరువాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. కాబట్టి టవల్ సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. పవన్ తప్ప.

శైలజ మంచం వెనుక గోడ మీద సుద్దముక్కతో గంటలు రాసేది. ఎనిమిది, ఎడమ. పది, కుడి. పన్నెండు, వెల్లకిలా. రెండు గంటలకొకసారి అవ్వను తిప్పడం, తిప్పాక రాయడం. తిప్పకముందు రాయకూడదు. అది ఆమె నియమం.

పవన్ ధర్మవరంలో కార్మిక శాఖ ఆఫీసులో టైపిస్టు. పొద్దున శైలజ హిందూపురం స్టేషన్‌లో రైలు దిగే వేళకు అతను ఎదురు ప్లాట్‌ఫారం మీద తన రైలు కోసం నిలబడి ఉండేవాడు. మధ్యలో రెండు పట్టాలు. అవతలి నుంచి ఆమె టిఫిన్ డబ్బా ఎత్తి చూపించేది. ఇవతలి నుంచి అతను ఫైలు ఎత్తి చూపించేవాడు. ఇలా మూడు నెలలు జరిగింది. ఒకరోజు అతను ఫైలు మరిచిపోయి గొడుగు ఎత్తాడు. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఆమె రోజంతా నవ్విందని అవ్వ చెప్పింది.

ఏప్రిల్‌లో కనీస వేతనాలు పెరిగాయి. ఆ నోటీసు టైపు చేసింది పవనే. ఒక కాపీ ఇంటికి తెచ్చి, వాళ్ల అమ్మ నాగరత్నమ్మ ముందు పెట్టాడు.

"ఆస్పత్రి ఆయాల రేటు పెరిగిందమ్మా. శైలజకు నెలకు పదిహేను వందలు కాదు, రెండు వేలు ఇయ్యాల. లేబర్ ఆఫీసోని ఇంట్లోనే తక్కువిస్తే బాగుండదు."

శైలజ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. పవన్ ఆమె వైపు చూడకుండా చాలా కష్టపడి నిలబడ్డాడు.

నాగరత్నమ్మ కాగితం రెండుసార్లు చదివింది. ఆమె ఏదైనా రెండుసార్లు చదువుతుంది.

"సర్కారు చెప్పినాక ఇయ్యకుండా ఉంటామా? ఇస్తాం. మీ నాయన తెచ్చే జీతంలో పదిహేను వందలే పెద్దది. కాబట్టి శైలజా, రేపట్నుంచి నువ్వు పన్నెండు దాకా ఉంటే చాలమ్మా. ఒక పూటే, వెయ్యి. రేటు కొత్తదే."

"అమ్మా, అట్ల కాదు..."

"ఎన్ని గంటలు పెట్టుకోవల్లో ఈ కాగితంలో యాడా లేదు. ఉంటే చూపించు."

పవన్ వెతికాడు. తనే టైపు చేసిన కాగితం. లేదు.

మరుసటి రోజు శైలజ టిఫిన్ డబ్బా ఎత్తలేదు. ఆదివారం దాకా ఆగి పవన్ అడిగాడు. "కోపమా?"

"కోపం యాల? మీరు నా జీతం పెంచినారు. మొన్నటిదాకా పదిహేను వందలు. పెంచినాక వెయ్యి. ఇంకోసారి పెంచితే నేనే మీకియ్యాల."

"నేను టైపు చేసినానంతే."

"ఒక్క తప్పు కూడా లేదు. చాలా బాగా చేసినారు."

వెయ్యితో ఆమె ఇల్లు గడవదు. పదిహేను రోజులకు ధర్మవరంలో ఒక నర్సింగ్ హోంలో పని చూసుకుని మానేసింది. ఆ చివరి రోజు అవ్వ మంచం దులిపి పక్కబట్టలు మార్చే హడావిడిలో నీలం చారల టవల్ ఆమె సంచిలో వెళ్లిపోయింది. పొరపాటునే అని అందరూ అనుకున్నారు.

దీనివల్ల పవన్‌కు ఒక మేలు జరిగింది. శైలజ ఇప్పుడు పెనుకొండలో అతని రైలే ఎక్కుతోంది. అతను హిందూపురం నుంచే కిటికీ పక్క సీటు మీద ఫైలు పెట్టి కాపలా కాసేవాడు. మొదటి వారం ఆమె నిలబడే వచ్చింది. రెండో వారం కూర్చుంది. మూడో వారం పెనుకొండలో వాన పడింది. మొత్తం మీద ఆరు చినుకులు. ఆమె చేయి బయటపెట్టి నాలుగు పట్టుకుంది. ఇంతకన్నా మంచి వాన ఆ పక్క పడదని పవన్ ధైర్యం చేశాడు.

"శైలజా, నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఆమె చేయి లోపలికి తీసుకుంది. "మీ ఇంట్లో ఏమంటారు?"

"అమ్మకింకా చెప్పలా. నాయనకు చెప్పినా. ఆయనకు సంతోషమే. కోడలైతే జీతం ఇచ్చే పనే లేదు, అవ్వను రోజంతా చూసుకుంటాదన్నాడు."

ఈ మాట మంచి మాటే అనుకుని చెప్పాడతను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ముందు పదిహేను వందలు. తర్వాత వెయ్యి. ఇప్పుడు సున్నా. మీ ఆఫీసులో ఇదీ టైపు చేసినారా?"

"నా ఉద్దేశం అది కాదు."

"నాకూ మీరంటే ఇష్టమే. గొడుగు ఎత్తిన రోజు నుంచి. కానీ నా ఉద్యోగం మాన్పించే పెండ్లి నాకొద్దు. అవ్వకు రోజంతా ఉండే మనిషిని పెట్టండి. కొత్త రేటుకు. అది అయినాక వచ్చి అడగండి. కాకపోతే అడగొద్దు."

ధర్మవరం వచ్చింది. ఆమె దిగి వెనక్కి చూడకుండా వెళ్లింది.

ఆ సాయంత్రం పవన్ ఇంటికి వచ్చి అవ్వ మంచం మీద కూర్చున్నాడు. గోడ మీద సుద్ద రాతలు ముచ్చటగా ఉన్నాయి. శైలజ పోయాక తిప్పేది, రాసేది నాగరత్నమ్మే. రెండు, ఎడమ. నాలుగు, కుడి. ఆరు, వెల్లకిలా. ఎనిమిది, ఎడమ.

గడియారంలో ఆరున్నర.

"అవ్వా, నిన్ను ఎనిమిదికి తిప్పినారా?"

"నన్ను తిప్పలేదప్పా. గోడను తిప్పినారు," అంది అవ్వ.

పవన్ ఆమెను మెల్లగా పక్కకు ఒత్తిగిలించాడు. నడుము కింద అరచేయంత మేర ఎర్రగా కమిలి ఉంది. మధ్యలో చర్మం లేచింది.

నాగరత్నమ్మ తలుపు దగ్గర నిలబడింది. ఒక చేయి నడుము మీద ఉంది.

"నాకు చాతకాలేదురా పవనా. పొద్దున రెండుసార్లు లేపేసరికి నా నడుము పట్టేసింది. మీ నాయనకు చెప్తే బాధ పడతాడని గోడకు రాసినా." గోడ వైపు చూసి, "ఆ పిల్ల ఒక్కతే ఎట్ల తిప్పుతా ఉండెనో," అంది.

పవన్ అవ్వను పక్కకే ఉంచి, సుద్ద రాతలు తడిబట్టతో తుడిచి, కొత్తగా రాశాడు. ఆరున్నర, ఎడమ. తరువాత రైల్లో జరిగిందంతా అమ్మకు చెప్పాడు. సున్నా మాట కూడా. ఆమె మొత్తం విని, ఇంకోసారి చెప్పమంది.

పుండుకు డాక్టరు రోజు మార్చి రోజు కట్టు కట్టాడు. పది రోజుల ఖర్చు కాగితం నాగరత్నమ్మ రెండుసార్లు చదివింది. మరుసటి రోజు పొద్దున వీధిలో ఎవరెవరినో అడిగి వచ్చింది.

ఆ రాత్రి అందరూ రాగిసంకటికి కూర్చున్నారు. భర్త రామాంజి పళ్లెంలో ముద్ద పెట్టి, చెనిక్కాయ చట్నీ వేసి నాగరత్నమ్మ అంది.

"రేపట్నుంచి అవ్వను చూసుకునేకి మునియమ్మని ఒకామె వస్తాది. ఎనిమిది నుంచి ఆరు దాకా. రెండు వేలు."

రామాంజి ముద్ద విరవడం ఆపాడు. "పెండ్లి చేస్తే ఆ పాపే చూసుకుంటాది కదా? యాల దండగ?"

"నేను ఊరికే చేసినా కదా. ఎట్ల చేసినానో మీ అమ్మ నడుము చూసి రాపో."

రామాంజి ముద్ద విరవడం మొదలుపెట్టాడు.

"ముందు పదిహేను వందలు ఇస్తా ఉంటిమి. పైన ఐదు వందలు పవన్ జీతంలోంచి. రేటు తెచ్చింది వాడే కదా."

"సరేమ్మా," అన్నాడు పవన్. ఇంత సంతోషంగా అతను ఎప్పుడూ ఐదు వందలు ఇవ్వలేదు.

"ఇంకొకటి. ఆదివారం మనం ముగ్గురం పెనుకొండకు పోతాండాం. పూలు, పండ్లు, టెంకాయ నేను తెస్తా. ఆ పిల్ల ధర్మవరంలో ఉద్యోగం మానేది లేదని వాళ్ల ఇంట్లో నేనే చెప్తా. మీరిద్దరూ నోరు తెరవద్దండి."

పవన్ ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "పెనుకొండకు ఎందుకమ్మా?" అన్నాడు. ఎందుకో తెలిసీ అడిగాడు. ఆమె నోట వినాలని.

నాగరత్నమ్మ అతని పళ్లెంలో నెయ్యి వేసింది.

"బెంగుళూరు టవల్ వాళ్లింట్లో ఉండిపోయింది. తెచ్చుకోవద్దా?"

లోపల మంచం మీద నుంచి అవ్వ అంది. "ఎనిమిదైంది. ముందు నన్ను తిప్పి పోండి."