తరక ఎవరి గిన్నెలో?

"రేపటి నుంచి ఆదివారం భోజనాలకి ఎవరూ రావద్దు! ఈ ఇంట్లో ఇంక పొయ్యి వెలగదు!"

అంతే, అత్తగారు గున్‌వోర్ ఫోన్ పెట్టేసింది. ఇరవై రెండేళ్ళలో, మొన్నటి దాకా, ఒక్క ఆదివారం తప్పలేదు! మంచు మోకాలి లోతున పడినా సరే, కొడుకూ కోడలూ సరస్సు అవతలి నుంచి కారేసుకుని రావలసిందే. మాంసం, బంగాళాదుంపలు అయ్యాక, ఆవిడ చేతి చాక్లెట్ పుడ్డింగ్ కోసం గిన్నెలు చాపవలసిందే. పోయిన నెల పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక సరిగా తినదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది... ఇప్పుడు ఈ మాట! ఇలాగే వదిలేస్తే మనిషే దక్కదేమోనని కోడలు తోరున్‌కి భయం వేసింది.

"నేను వెళ్ళొస్తాను" అంది మొగుడితో.

"నువ్వా?" అన్నాడు ఐవిన్. "నిన్ను చూస్తే అమ్మ ఇంకా మండిపడుతుంది. తెలీదూ?"

తెలియకేం! పెళ్ళయిన కొత్తలో, మెప్పు పొందుదామని తోరున్ తనే పుడ్డింగ్ చేసింది. పుట్టింట్లో నేర్పినట్టు, చల్లారేటప్పుడు పైన పొరలా తరక కట్టకుండా పంచదార చల్లింది. అక్కడ తరక కడితే నామోషీ. ఇక్కడ మాత్రం తరక కోసమే కొట్టుకుంటారు! అత్తగారికి ఎవరి మీద ప్రేమ ఎక్కువో వాళ్ళ గిన్నెలోకే అది వెళుతుంది, అంటే ఎప్పుడూ ఐవిన్ గిన్నెలోకే. ఆ రోజు నున్నగా మెరిసిపోతున్న పుడ్డింగ్‌ని చూసి ఆవిడ ముఖం ఎలా మాడిపోయిందో! "నా కొడుకు నోటి దగ్గరి తరక తీసేసింది మహాతల్లి" అని ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత తోరున్‌కి ఆ వంటింట్లో దుంపలు కడిగే పని తప్ప ఇంకేదీ దక్కలేదు.

అయినా వెళ్ళింది. పాలు, కోకో, పంచదార, కార్న్‌ఫ్లోర్ బల్ల మీద పెట్టి, మైక్రోవేవ్ మీది పూలకుండీ దించింది. మూడేళ్ళ కిందట కొడుకు కొనిచ్చిన ఆ మైక్రోవేవ్‌ని గున్‌వోర్ ఇంతవరకూ పూలకుండీ పెట్టుకోవడానికే వాడింది.

"ఆ డబ్బాలో పుడ్డింగా? నన్ను వెక్కిరించడానికి వచ్చావా?"

"చేసేది నేను కాదత్తయ్యా, మీరే."

"నాకు చెయ్యి లేదే పిచ్చిదానా!"

"ఎడమది ఉందిగా! పొయ్యి మీదైతే గిన్నె పట్టుకోడానికి ఒకటి, కలపడానికి ఒకటి కావాలి. ఇక్కడ ఒక్కటి చాలు. గిన్నె కదలకుండా కింద తడిగుడ్డ వేస్తాను. నిమిషానికోసారి నేను బయటికి తీస్తాను, మీరు కలపండి."

గున్‌వోర్ సణుగుతూనే లేచింది. మొదటిసారి పాలు చింది ముఖాన పడ్డాయి. కవ్వం విసిరికొట్టింది! "చూశావా నా బతుకు!" అంటూ బావురుమంది. తోరున్‌కీ కళ్ళు నిండాయి... కవ్వం లాక్కుని తనే చేసేస్తే రెండు నిమిషాల పని! కానీ కిందపడినదాన్ని కడిగి తెచ్చి అత్తగారి ఎడమచేతిలో పెట్టి, తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

రెండో నిమిషం, మూడో నిమిషం... ఉండలు విడిపోయాయి. అయిదోసారి కవ్వం తిప్పుతూ గున్‌వోర్ ఆగిపోయింది.

"చిక్కబడిందే!" అంది చిన్నపిల్లలా. "అడుగు కూడా అంటలేదు!"

ఎంత తేలికపడిందో తోరున్ మనసు! ఆ సంబరంలో, పాత అలవాటున పంచదార చెంచా తీసి పుడ్డింగ్ మీదికి చాపింది.

"ఆ పంచదార అక్కడ పెట్టు!" గున్‌వోర్ కేక పెట్టింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు... అంతే, నవ్వాపుకోలేక బల్ల పట్టుకుని కూలబడ్డారు.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాయి. ఐవిన్ అలవాటుగా గిన్నె చాపాడు. గున్‌వోర్ ఎడమచేత్తోనే తరకని చెంచాతో ఎత్తింది. సగం చిరిగింది. ఆ చిరిగిన తరక కొడుకు గిన్నె దాటి, వచ్చి తోరున్ గిన్నెలో పడింది.

"అమ్మా, అది నాది!"

"ఇన్నేళ్ళు తిన్నావుగా! నోర్మూసుకుని అడుగుది తిను." ఆవిడ కోడలి వైపు చూడకుండానే అంది, "నా చెయ్యి నాకు తిరిగి తెచ్చిచ్చింది అదే."

నిజం చెప్పాలంటే తోరున్‌కి తరకంటే పుట్టిన దగ్గర నుంచీ వెగటు. నాలిక్కి తగిలితే ఒళ్ళు జలదరిస్తుంది. కళ్ళ నీళ్ళు జారుతుండగా ముక్క మిగల్చకుండా తినేసి, గిన్నె మళ్ళీ చాపింది.

"ఇంకొంచెం ఉందా, అత్తయ్యా?"