ఇంకెవరున్నారక్కడ?

పరుగు!

ఫుల్వియా వెనక్కి చూడదు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని భయం.

ఇటలీ. ట్రియెస్టె పాత రేవు. జనవరి. సాయంత్రం ఆరు కాకుండానే చిమ్మచీకటి. బోరా అనే ఈదురుగాలి మనిషిని ఎత్తి సముద్రంలో విసిరేసేలా ఉంది. వెనక బూట్ల చప్పుడు...

దగ్గరవుతోంది!

అదిగో కారు. కోటు జేబులో తాళంచెవి... ఈ జేబులో లేదు, ఆ జేబులో లేదు. దిక్కుమాలిన తాళంచెవి, ఇప్పుడే దొరక్కుండా పోవాలా!

దొరికింది. లోపల పడింది. లాక్ నొక్కబోయింది.

పక్క తలుపు తెరుచుకుంది!

ఉన్ని టోపీవాడు దర్జాగా సీట్లో కూర్చుంటాడు. డొక్కలో చల్లగా ఏదో గుచ్చుకుంది.

తుపాకీ!

"ఏం లాయరమ్మా, ఈ గాలిలో షికారా?"

"కారు తీసుకో... పర్సు తీసుకో... నన్ను వదిలెయ్!"

"నీ డొక్కు కారు నాకెందుకు? ఆరింటికి నీకు ఫోనొస్తుంది కదా. ఒక్క మాట చెప్పు. చాలు. ఇంటికెళ్లి వేడివేడిగా యోతా సూప్ తాగి పడుకో."

"ఏం మాట?"

"రిలీజ్."

ఆ మాట ఫుల్వియా రోజూ వాడేదే.

బ్యాంకులు కంపెనీలకి అప్పులిస్తాయి. ఆ కాగితాలు రాయడమే ఇరవై ఏళ్లుగా ఆమె పని. సంతకాలన్నీ ముందే అయిపోతాయి. ఆ పేజీలు లాయర్ల దగ్గర ఊపిరి లేకుండా పడుంటాయి. చివర్లో అందరూ ఫోన్లో కలుస్తారు. బ్యాంకు లాయరు, ఈసారి ఫుల్వియా, "రిలీజ్" అంటుంది. అప్పుడే వాటికి ప్రాణం వస్తుంది. డబ్బు కదులుతుంది.

ఈరోజు కదలాల్సింది నాలుగు కోట్ల యూరోలు. తాకట్టు, ఒక సరుకుల ఓడ.

ఆ ఓడ లేదు!

చేరిన మొదటి రోజే బాస్ లివియో కొస్లోవిచ్ చెప్పాడు. "మనం చూడాల్సింది ఓడని కాదమ్మాయ్, కాగితాన్ని." ఇరవై ఏళ్లలో ఎన్ని ఓడలు తాకట్టు పెట్టించిందో లెక్కే లేదు. ఒక్కదాన్నీ కళ్లతో చూడలేదు. ఈ వృత్తిలో ఎవరూ చూడరు.

రేపటి నుంచి ఆమె కూడా ఆఫీసులో భాగస్వామి. ఆ సంబరంలో, ఒక్కసారైనా చూద్దాం అనిపించింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర లివియోతో చెప్పి నవ్వుకుంది కూడా.

ఇక్కడికొస్తే రేవు కాపలావాడు పగలబడి నవ్వాడు. "ఆ ఓడా? పోయినేడే ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు కదమ్మా!"

ఆ మాట పూర్తయ్యేలోపే వెనక బూట్ల చప్పుడు మొదలైంది.

ఫోన్ మోగింది!

"స్పీకర్ పెట్టు," అంటాడు టోపీవాడు. "తెలివి చూపించావో... డొక్క చీలిపోద్ది."

లైన్లో లివియో గొంతు. తండ్రిలాంటి గొంతు. ఫుల్వియాకి ఏడుపు ముంచుకొస్తుంది.

"అందరూ వచ్చారా? హాజరు చూద్దాం. మిలాన్?"

"బ్యాంకు నుంచి నేను, ఇగ్నాజియా. నాతో ఇద్దరు."

"కంపెనీ తరఫున?"

"బ్రెస్సాన్. ఒక్కణ్నే."

ఇది ఆనవాయితీ. ఎవరి పక్కన ఎవరు వింటున్నారో ముందే చెప్పాలి.

"ఫుల్వియా, నువ్వున్నావా? ఇంకెవరున్నారక్కడ?"

తుపాకీ ఇంకాస్త గుచ్చుకుంది.

ఎవరూ లేరని చెప్పబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది... ఆగింది.

"నాతో... నెరీనా గారున్నారు సార్."

నెరీనా. లివియో దగ్గర జీవితమంతా పనిచేసిన సెక్రటరీ. మొన్న శరదృతువులో పోయింది. శవపేటిక మోసినవాళ్లలో లివియో ఒకడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయనకి అర్థమవుతుంది. అర్థం కావాలి దేవుడా!

లైన్లో కాగితం మీద కలం గీకిన చప్పుడు...

"సరే," అంటాడు లివియో. "నెరీనా కూడా ఉన్నారు. రాసుకున్నాను."

అర్థమైంది! పోలీసులకి చెబుతాడు! కాస్త సాగదీస్తే చాలు!

"సార్, షరతులు ఒక్కొక్కటీ చదువుదామా?"

"చదువుదాం."

బ్రెస్సాన్ చదువుతున్నాడు. ఫుల్వియా చెవులు రెండూ సైరన్ కోసమే. గాలి కారుని ఊపేస్తోంది.

టోపీవాడి ఫోన్ వెలిగింది. చదువుకున్నాడు. పళ్లు బయటపెట్టి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"చచ్చిపోయినావిణ్ని పిలుస్తావేంటి లాయరమ్మా?" గుసగుసగా అంటాడు. "సారుకి కోపమొచ్చింది."



నెరీనా పోయిందని ఈ లైన్లో ఫుల్వియా కాక ఒక్కరికే తెలుసు.

రేవుకి వెళ్తున్నానని చెప్పింది కూడా ఆ ఒక్కరికే!

"ఫుల్వియా," లివియో గొంతు. అదే ప్రేమ. అదే మెత్తదనం. "బ్యాంకు తరఫున రిలీజ్ ఇస్తున్నావా అమ్మాయ్?"

చెబితే ఆమెతో ఇక అవసరం ఉండదు. చంపేస్తారు. చెప్పకపోయినా చంపేస్తారు. బతకాలని ఉంది. ఎంత బతకాలని ఉందో ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలియలేదు!

"ఫుల్వియా?"

"లేదు!" అరిచింది. "బ్యాంకు సంతకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను! ఓడ లేదు, తుక్కయిపోయింది! పాత రేవులో ఉన్నాను, నా డొక్కలో తుపాకీ ఉంది! వీణ్ని పంపింది మీరే సార్!"

"లైన్... లైన్ బాగోలేదు. అందరూ ఫోన్ పెట్టేయండి."

"లైన్ శుభ్రంగా ఉంది కొస్లోవిచ్ గారూ." మిలాన్ నుంచి ఇగ్నాజియా. గొంతు ఉక్కులా ఉంది. "మేమంతా విన్నాం. పక్క ఫోన్లో పోలీసులతో మాట్లాడుతున్నారు మావాళ్లు. మీ ఆఫీసుకీ వస్తున్నారు. ఎవరూ లైన్ వదలొద్దు!"

తుపాకీ డొక్కలోంచి లేచింది. కణతకి ఆనింది.

ఫుల్వియా కళ్లు మూసుకుంది.

ఢాం!

నొప్పి లేదు...

కళ్లు తెరిచింది. కారు అద్దం పగల్లేదు. రక్తం లేదు. టోపీవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె వైపు కాదు.

ఫోన్ వైపు! ఆ పేలుడు వినిపించింది అందులోంచే.

"సార్?" అంటాడు వాడు. తుపాకీ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి జారింది. "సార్?... సార్!"

లివియో ఇక పలకడు.