మా వీధిలోకి వచ్చిన టీము బస్సు

"బస్సెందుకు ఆపారు?"

"ఆవిడ చెయ్యెత్తారు మేడమ్."

"ఇది సిటీ బస్సు కాదండీ. లోపలున్నది విదేశీ వాలీబాల్ టీము."

"తెలుసు మేడమ్. కాలు దానంతటదే బ్రేకు మీద పడిపోయింది."

అప్పటికే కూరల సంచీతో ఒక పెద్దావిడ ఎక్కేసి, తాటిచెట్టంత ఆడపిల్లల మధ్య సీటు చూసుకుని కూర్చుంది. వాళ్ళు నవ్వుతూ ఆవిడ సంచీ అందుకున్నారు. నవ్వనిది దుబాసీ అమ్మాయి ఒక్కతే.

మా వీధి డ్రైవరబ్బాయికీ, ఆ అమ్మాయికీ తొలి పరిచయం అలా జరిగింది. ఏళ్ళ తరబడి సిటీ బస్సు నడిపిన మనిషిని పోటీల కోసం తెచ్చి టీము బస్సెక్కిస్తే ఇంకేమవుతుంది? చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోవడం వాడి ఒంట్లో లేదు. అలాగని ఆమెదీ తప్పు కాదు. టీము మాటలు మనకీ, మన మాటలు టీముకీ చెప్పడం, మ్యాపు పట్టుకుని దారి చూడటం, వేళకి స్టేడియం చేర్చడం, అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి.

"ఇంకొక్క పొరపాటు జరిగితే డ్రైవర్ని మార్చమని చెప్పేస్తాను," అంది.

"చెప్పండి మేడమ్. కానీ కొత్తవాడు నాలాగా తిట్లు పడడు."

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేనని మావాడు ఇప్పటికీ వాదిస్తాడు.

ఇక మా సంగతి. ప్రపంచమంతా మా ఊరికి ఆటలాడటానికి వస్తోందంటే మొదట పొంగిపోయాం. తర్వాత పెద్దరోడ్డు మూసేసి, బండ్లన్నీ వీధిలోనే పెట్టుకోమన్నారు. పాలప్యాకెట్టుకి కూడా మెడలో పాసు వేసుకుని ఊరంతా చుట్టి రావాల్సి వచ్చింది. కంప్లయింటు బాబాయి పొద్దున లేవగానే ఎవరో ఒక అధికారికి ఫోను చేసి దులిపేసేవాడు. అదే చుట్టాలు ఫోను చేస్తే మాత్రం, "టీవీలో మా స్టేడియం చూశారా?" అని ముందు అడిగేదీ ఆయనే.

బస్సులో కూడా రోజులు గడిచేకొద్దీ తిట్లు తగ్గి కబుర్లు పెరిగాయి. మావాడు మడత నలగని చొక్కాలు వేసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే, ఊరి పరువు కోసం అనేవాడు.

ఫైనల్ రోజు సాయంత్రం సన్నగా వాన పడుతోంది. ఆ రోజుతో ఆటలు ఆఖరు. మర్నాడు టీముని విమానం ఎక్కించేస్తే ఆమె దారి ఆమెది, వీడి దారి వీడిది. ఇవాళ ఎలాగైనా మనసులో మాట చెప్పెయ్యాలని వాడు గొంతు సవరించుకుంటూ, తల పైన అద్దంలో ఆమెనే చూస్తూ, తిన్నగా పోవాల్సిన చోట అలవాటు కొద్దీ ఎడమకి కొట్టేశాడు.

ఎడమకి వస్తే మా వీధే. చివరికి వెళ్తే స్టేడియం వస్తుంది కానీ, వెళ్ళేదెలా? అటూ ఇటూ బండ్లే. బస్సు సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. వెనక్కి పోదామంటే వెనకాల అప్పుడే ఒక వ్యాను వచ్చి ఆగింది.

బాల్కనీలోంచి మావాడి అమ్మ తొంగి చూసింది. "ఏరా, డ్యూటీ అప్పుడే అయిపోయిందా?"

"లేదమ్మా. దారి తప్పాను."

"సొంత వీధికొచ్చి దారి తప్పానంటావేంట్రా?"

దుబాసీ అమ్మాయి మొహం పాలిపోయింది. "వేళకి చేరకపోతే ఆడకుండానే ఓడినట్టు లెక్కండీ. ఇంత దూరం వచ్చిన పిల్లలకి నేనేం చెప్పను?" అంది.

ఆ మాట మా అందరి చెవినా పడింది. మా వీధిలో ఇరుక్కుని ఒక టీము ఫైనల్ పోగొట్టుకుంటే ఇక మేము తలెత్తుకు తిరిగేదెలా?

ముందు కదిలింది కంప్లయింటు బాబాయి. కట్టుకున్నదాన్ని కూడా ముట్టుకోనివ్వని తన కారు కవరు పీకి పారేశాడు. "చూస్తారేంటి, తియ్యండి బండ్లు" అంటూ కారుని పక్కింటి పూలకుండీల మీదికే ఎక్కించేశాడు. పక్కింటావిడ కిక్కురుమనకుండా మిగతా కుండీలు తనే జరిపింది. స్కూటర్లు మెట్లెక్కాయి, వరండాల్లో దూరాయి. చివరికి తాళం దొరకని కారొకటి మిగిలింది. టీము కెప్టెను దిగి దాని మీద చెయ్యి వేసింది. వెనకే టీమంతా దిగింది. ఒక పక్క మేము, ఒక పక్క వాళ్ళు పట్టి ఐలెస్సా అన్నాం. వాళ్ళూ ఐలెస్సా అన్నారు. ఆ ముక్కకి దుబాసీ అవసరం పడలేదు.

బస్సు కదిలింది. మేము తడుస్తూ వీధి చివరిదాకా దాని వెంట పరిగెత్తాం. టీము వేళకి చేరింది, చివరి పాయింటు దాకా పోరాడింది. కప్పు రాలేదు. కానీ ఆడి ఓడింది, ఆడకుండా కాదు. టీవీ ముందు కూర్చుని మా వీధంతా చప్పట్లు కొట్టింది. అంత గర్వం మాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

మర్నాడు పొద్దున ఒక అధికారి మా వీధికే వచ్చాడు. వెంట దుబాసీ అమ్మాయి కూడా ఉంది.

"టీము బస్సుని సందులోకి తిప్పింది నువ్వేనా? ఎయిర్‌పోర్టుకి వేరే డ్రైవరు వెళ్తాడు. తాళాలివ్వు."

"తప్పు నాదే సార్," అని మావాడు తాళాలు ఇచ్చేశాడు.

"సందు సందంటారేంటండీ?" అన్నాడు బాబాయి. "నిన్న ఊరి పరువు నిలబెట్టింది ఈ సందే."

అధికారి ఆయన్ని పట్టించుకోలేదు. "ఇన్నేళ్ళ సర్వీసున్నవాడివి, దారి ఎలా తప్పావయ్యా?"

"అద్దంలోకి చూస్తున్నాను సార్."

"అద్దంలో ఏముంది?"

వాడు తల వంచుకున్నాడు. "ఈవిడున్నారు."

వాళ్ళమ్మ బుగ్గన చెయ్యి వేసుకుంది. ప్రేమించిన పిల్లకి చెప్పాల్సిన మాట, వీధి వీధంతా ఉండగా, వాడు పై అధికారికి చెప్పుకున్నాడు.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "మ్యాపు మీ చేతిలోనే ఉందిగా. ఎడమకి తిప్పుతుంటే మీరెందుకు చెప్పలేదు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ కనిపించలేదండీ," అంది మెల్లగా. "నేనూ ఆ అద్దంలోకే చూస్తున్నాను."

అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తాళాలు తిరిగి వాడి చేతిలో పెట్టాడు.

"విమానం వెళ్ళిపోయాక అమ్మాయిని ఇటే తీసుకురారా," అంది వాళ్ళమ్మ. "బండ్లన్నీ ముందే తీయించి ఉంచుతాను."