పిల్లకి రావలసిన పన్ను

పళ్ళాసుపత్రిలో మోక్షిత కూర్చున్న కుర్చీ ఆమె పళ్ళ పటాన్ని ఎదుటి గోడ మీద గీసింది. పై వరుసలో ముందుపన్ను ఒకటి లేదు. ఇప్పుడు కాకినాడలో పన్ను లేని మనిషి కనబడటం అరుదు. వచ్చేటప్పుడు బస్సులో పిల్లలు ఆమెను వింతగా చూశారు.

డాక్టర్ సబీహా మూడు దారులు చెప్పింది. అచ్చుపన్ను సాయంత్రానికల్లా తయారవుతుంది. వంతెనపన్నుకు పక్క పళ్ళను అరగదీయాలి. మొలకపన్ను చిగుళ్ళలో బీజం నాటితే పెరిగే అసలు పన్ను. అందరూ కోరేది అదే. కానీ మోక్షిత కణాలు ముదిరిపోయాయి, మొలకెత్తవు. ఆమెకు సరిపడే బీజం, పిల్లల పాలపళ్ళ బీజాలు దాచే దంతనిధిలో ఒక్కటే ఉందని యంత్రం చూపించింది.

అది ఆమె కూతురు నీలిది. ఆరేళ్ళప్పుడు ఊడిన మొదటి పాలపన్ను నుంచి తీసి దాచినది. మరుసటి ఏడు నీలి జ్వరంతో పోయింది. అప్పటికి పై పళ్ళు మారనే లేదు.

భర్త రిత్విక్‌కు ఇది నచ్చలేదు. అచ్చుపన్ను గట్టిదన్నాడు, తన స్నేహితుడు దానితో చెరుకు నములుతున్నాడన్నాడు. ఇల్లు చేరాక గాని అసలు మాట బయటికి రాలేదు.

"దానిది ప్రాణమున్నది అదొక్కటే మిగిలింది. మొలవకపోతే?"

"చలిపెట్టెలో ఉండి మాత్రం ఏం చేస్తుందండీ? నా నోట్లో ఉంటే ఇంత అన్నం తింటుంది."

మర్నాడు ఆయనే ఆమెను సబీహా దగ్గరికి తీసుకెళ్ళాడు.

నాటిన బీజం వేసవి ముగిసేలోపు తెల్లగా పైకొచ్చింది. పక్క పళ్ళలో సగం కూడా లేదు. నవ్వితే బడిపిల్లలా ఉన్నావని రిత్విక్ ఏడిపించాడు. చలికాలానికి అది కదలడం మొదలుపెట్టింది. సబీహా నొచ్చుకుంది. యంత్రం నోటి వయసు లెక్కగట్టిందట, బీజం వయసు చూడలేదట. మొలిచింది పాలపన్ను. తీసేసి అచ్చుపన్ను పెడతానంది.

"వద్దులెండి. ఊడినప్పుడే ఊడుతుంది" అంది మోక్షిత.

నాలుకతో కదపొద్దని రిత్విక్ ఆమెను రోజూ కసిరేవాడు. ఒక మధ్యాహ్నం జామకాయ కొరుకుతుంటే ఊడింది. దాన్ని ఆయన దంతనిధికి ఇవ్వలేదు. చిన్నప్పుడు తన అమ్మమ్మ చేయించినట్టు, ఎక్కడినుంచో కాస్త పేడ తెచ్చి, అందులో పొదిగి, పెంకుటిల్లు దొరికేదాకా ఊరంతా తిరిగి, కప్పు మీదికి విసిరి వచ్చాడు. ఆ తరువాత భార్య నవ్వినప్పుడల్లా చూపు తిప్పుకునేవాడు.

సంక్రాంతి దాటాక ఒక ఉదయం మోక్షిత ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచి పై పెదవి ఎత్తి చూపింది. చిగురు చీల్చుకుని కొత్త అంచు కనబడుతోంది. వెడల్పుగా, రంపంలా చిన్న చిన్న నొక్కులతో ఉంది. పెద్దపన్ను. దీని గురించి యంత్రం ఏమీ చెప్పలేదు. నీలి నోట్లో రావలసిన పన్ను అది.

"వంకరగా వస్తోందేమో చూడండి" అంది మోక్షిత, పెదవి వదలకుండానే.

రిత్విక్ వేలితో ఆ అంచును మెల్లగా తడిమాడు.

"లేదు. పిల్లకి పన్ను చక్కగానే మారుతోంది."