మెస్సీయ కోసం కుట్టిన కోటు

ముప్ఫై ఏళ్ల కిందటి మాట. ఆ వీధి మొత్తానికి టైలర్ షాపు అదొక్కటే. ముందుగదిలో రెండు మిషన్లు. ఒకదాని దగ్గర తాతయ్య, రెండోదాని దగ్గర మనవడు. ఊళ్లో యూదులంటే వాళ్లిద్దరే. వెనక గోడకి ఆనించి అద్దాల బీరువా, అందులో ఒకే ఒక్క తెల్ల కోటు.

వాన వెలిసిన ఓ సోమవారం పాస్టర్ గారి అమ్మాయి నాన్నగారు చర్చిలో తొడుక్కునే నల్ల గౌను పట్టుకుని షాపులోకి వచ్చింది.

"నాన్న చిక్కిపోయారు, గౌను మాత్రం చిక్కలేదు. శుక్రవారానికల్లా సరిచేసి ఇవ్వాలి," అంటూ కొలతల చీటీ తనే గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. అప్పుడు బీరువా మీద పడింది చూపు. "ఆ కోటు ఎవరిదండీ? తీసుకెళ్లడం మర్చిపోయారా?"

"నాదేనమ్మా," అన్నాడు తాతయ్య, సూదిలో దారం ఎక్కిస్తూ. "మా యూదులం ఎదురుచూసే రక్షకుడు, మెస్సీయ, వచ్చిన రోజు తొడుక్కుందామని కుట్టుకున్నా. నలభై ఏళ్లయింది. నా ఒళ్లు తగ్గినప్పుడల్లా దాన్నీ తగ్గిస్తుంటాను. ఏ రోజు వస్తాడో చెప్పలేం కదా!"

"ఆయన యేసుగా వచ్చి రెండువేల ఏళ్లయింది కదండీ!" అనేసి వెంటనే నాలిక కరుచుకుంది.

మనవడికి చిర్రెత్తుకొచ్చింది. "వచ్చేస్తే లోకం ఇలాగే ఏడుస్తుందా మేడమ్? యుద్ధాలేవీ ఆగినట్టు లేదే?"

"మళ్లీ వస్తారు. అప్పుడు ఆగుతాయి."

"అంటే మీరూ ఎదురుచూస్తున్నట్టేగా? మరి మీ కోటేదీ?"

ఆమె పకపకా నవ్వేసింది. ఆ నవ్వు చూస్తూ మనవడు సూది వేలికి గుచ్చుకున్నాడు. తాతయ్య చూడనట్టు నటించాడు.

మర్నాడు ఊడిన బొత్తాం పట్టుకుని వచ్చింది. ఆ మర్నాడు చిరిగిన గొడుగు.

"గొడుగులు కూడా కుడతారా?"

"అందరివీ కుట్టం. మీదైతే కుడతాం."

ఇంతలోనే గురువారం వచ్చిపడింది. గౌను భుజాలు సరిచేస్తుంటే జేబులో ఏదో గరగరలాడింది. పోయిన ఆదివారం కుండపోత వానకి చర్చికి ఎవరూ రాలేదు. అప్పుడు చెప్పలేకపోయిన ప్రసంగం కాగితం అందులోనే ఉండిపోయింది. తీసి పెట్టబోతూ మనవడు చదివాడు. 'యూదులు ఇంకా ఎవరి కోసం కాచుకుని కూర్చున్నారో వాడు మెస్సీయ కాదు. వాడే క్రీస్తు విరోధి.'

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. చీటీ మీద ఉన్న అక్షరాలే.

అయితే తాతయ్య నలభై ఏళ్లుగా కోటు సిద్ధం చేసుకుంటోంది ఆ పాపాత్ముడి కోసమా? నాలుగు రోజులుగా నవ్వుతూ తిరిగిన పిల్ల మనసులో ఉన్నది ఇదా? తాతయ్యకి చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మడిచి మళ్లీ జేబులోనే పెట్టి, జేబు మూతిని డబుల్ కుట్టుతో గట్టిగా కుట్టేశాడు. శుక్రవారం మొహమైనా చూడకుండా గౌను చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున్నే ఆమె విసురుగా వచ్చింది.

"జేబు కుట్టేసింది మీరేనా?"

"నేనే."

"మా నాన్న ప్రసంగం కాగితం కోసం పుల్‌పిట్ మీద నిలబడి ఆ జేబుతో కుస్తీ పట్టారు తెలుసా? వెనక బెంచీ వాళ్లు ఒకటే నవ్వు!"

"మీరు రాసింది చదివితే జనం మా తాతయ్యని చూసి నవ్వేవాళ్లు. అది బాగుంటుందా?"

ఆమె మొహం పాలిపోయింది. "రాసింది నేనే. మాట నాన్నది. ఆయన చెయ్యి వణుకుతుంది, చెప్తుంటే నేను రాస్తాను."

"అది సరే. మీరు నమ్ముతున్నారా?"

ఆ జవాబు ఒక్కటే కావాలి అతనికి. ఆమె అవునంటే ఇక ఆ గుమ్మంలో ఆమె గొడుగు కనిపించదు.

"రాసినప్పుడు ఏమీ అనిపించలేదు," అంది నెమ్మదిగా. "అలా ఎదురుచూసే మనిషిని ఎప్పుడూ చూళ్లేదు మరి. ఇప్పుడు చూశాను. మళ్లీ రాయమంటే నా వల్ల కాదు."

గుమ్మంలో దగ్గు వినిపించింది. గౌను చంకలో పెట్టుకుని పాస్టర్ గారు!

తాతయ్య అన్నీ వింటూనే ఉన్నాడు. గౌను అందుకుని, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పి, కాగితం తీసి చదివాడు.

"కూర్చోండి పాస్టర్ గారూ. ఈ విరోధిని పోల్చుకోవడం ఎలా?"

"ఆర్భాటంగా వస్తాడు," అన్నారాయన ఇబ్బందిగా. "అద్భుతాలు చేస్తాడు. శాంతి శాంతి అంటూనే నెత్తురు పారిస్తాడు. అందరూ తనకే మొక్కాలంటాడు."

"అలాంటివాడు ఈ గుమ్మం ఎక్కితే నేను బీరువా తియ్యనండీ, చీపురు తీస్తాను! మా పెద్దలు చెప్పిన గుర్తు ఒక్కటే. ఆయనొస్తే యుద్ధాలు ఆగిపోతాయి, మనిషి మనిషికి భయపడడు. అది చెయ్యలేనివాడు మావాడు కాడు."

పాస్టర్ గారు ఆ కోటు వంక చూశారు. తర్వాత పెన్ను అడిగారు. కూతురు చెయ్యి చాస్తే వద్దన్నారు. "రాయడం నీ చేత రాయించాను. కొట్టెయ్యడం మాత్రం నేనే చెయ్యాలి," అని వణికే చేత్తో ఆ రెండు వాక్యాలూ అడ్డంగా కొట్టేశారు.

అప్పట్నుంచి ప్రతి సోమవారం ఆయన షాపుకి రావడం, వచ్చాడని ఆయనా, వస్తాడని తాతయ్యా గంటల తరబడి వాదించుకోవడం. పెద్దవాళ్లు రాబోయేవాడి గొడవలో ఉంటే, పిల్లలిద్దరూ పక్కనున్నవాళ్ల సంగతి చూసుకున్నారు.

ఏడాది తిరక్కుండానే వాళ్ల ప్రేమ విషయం బయటపడింది. వాదించుకోవడం వేరు, వియ్యమందడం వేరు. పాస్టర్ గారు మూడు సోమవారాలు షాపు మొహం చూడలేదు. తాతయ్య మూడు రోజులు మనవడితో మాట్లాడలేదు. నాలుగో రోజు బీరువా తెరిచి తెల్ల కోటు తీశాడు.

"చేతులు చాపరా."

"తాతయ్యా! ఇది ఆయన కోసం కదా?"

"ఆయనకి పాత కోటుతో ఎదురెళ్లినా ఏమీ అనుకోడు. నువ్వు పాత కోటుతో పెళ్లికెళ్తే మాత్రం ఆ పిల్ల ఊరుకోదు," అన్నాడు. టేపుతో భుజాలు కొలుస్తుంటే ఆయన కళ్లలో నీళ్లున్నాయి. మనవడు తాతయ్యని వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెళ్లి రోజు రిజిస్ట్రార్ ఆఫీసులో పాస్టర్ గారు అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. కోటు చూసి, "జేబులు తెరిచే ఉంచావా అల్లుడూ?" అన్నారు.

ఇప్పుడు ఆ పెద్దవాళ్లిద్దరూ లేరు. కోటు మళ్లీ అద్దాల బీరువాలోనే ఉంది. వానలకి ముందు పాస్టర్ గారి అమ్మాయి దాన్ని ఎండలో వేస్తుంది. లోపలి జేబులో వణికిన గీతలున్న ఆ కాగితం ఉందో లేదో తడిమి చూసుకుంటుంది. ఆవిడ భర్త, అప్పటి మనవడు, ఏటా నడుం దగ్గర కుట్లు విప్పి వదులు చేస్తుంటాడు.

"మీ తాతయ్య తగ్గించేవారు, మీరు పెంచుతున్నారు," అంటుంది ఆవిడ.

"నువ్వు పెట్టే తిండి అలాంటిది మరి!"

నిన్న సాయంత్రం జోరున వాన. షాపు మూసేశాక ఎవరో తలుపు తట్టారు.

"ఇంత వానలో ఎవరే?" అంటూ ఆయన లేచాడు.

ఆవిడ అప్పటికే బీరువా తీసింది. "ఎవరో ఏమో. ముందు కోటు తొడుక్కోండి," అంది.